పానాల సంచి: స్టీరింగు మూలిగితే పంపు మార్చేముందు గాలి సంగతి చూడండి

ఈ నెల నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, స్టీరింగు తిప్పితే బండి మూలుగుతా ఉంది. పంపు పోయిందంటా ఉండారు. మార్చేసేదా?" అడిగినవాళ్ళలో చాలామంది మన మిల్లు షిఫ్టులకు మనుషుల్ని తోలే బండ్లవాళ్ళే. ఆరంబాక్కం నుంచి అటు గుమ్మిడిపూండి సిప్‌కాట్‌కి, ఇటు తడ దాటి శ్రీసిటీకి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు షిఫ్టులకూ తిరిగే పాత సుమోలు, క్వాలిస్‌లు, ఇన్నోవాలు మన వీధుల్లో తక్కువేం లేవు. వాటి మీద ఆధారపడిన కుటుంబాలూ తక్కువ కాదు. బండి ఒక్క రోజు ఆగితే తోలేవాడికి కిరాయి పోతుంది. ఎక్కేవాళ్ళకు సగం రోజు జీతం పోతుంది.

అందుకే ఈసారి పానాల సంచిలో మిక్సీలు, ఫ్యాన్లు పక్కన పెట్టి ఈ మూలుగు సంగతే రాస్తున్నాను. నా జవాబు ముందే చెప్తాను. పంపు మార్చకండి. కనీసం ఈరోజు మార్చకండి. ముందు బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి. లోపల ఆయిల్ నురగ కట్టి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే మీ పంపు చచ్చిపోలేదు. అది గాలి మింగుతోంది. మూలుగు అందుకే.

ముందు ఒక మాట. అన్ని బండ్లకూ ఈ ఆయిల్ స్టీరింగు ఉండదు. ఇప్పుడొచ్చే చిన్న కార్లలో ఎక్కువ భాగం కరెంటు మోటారుతో నడిచే స్టీరింగే. దాంట్లో ఆయిలూ లేదు, పంపూ లేదు, గాలి దూరే సమస్యా లేదు. మీ బండి ఏ రకమో తెలియకపోతే బానెట్ ఎత్తి చూడండి. ఇంజను పక్కన చిన్న డబ్బా, దాని మూత మీద స్టీరింగు బొమ్మ గానీ పవర్ స్టీరింగ్ అనే అక్షరాలు గానీ ఉంటే అది ఆయిల్ రకం. అలాంటి డబ్బా ఎక్కడా లేకపోతే ఈ నెల పేజీ పక్కింటివాళ్ళకు ఇచ్చేయండి.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు 1926లోనే ఒక కారుకి ఆయిల్ ఒత్తిడితో తిరిగే స్టీరింగు బిగించి నడిపి చూపించాడు. మామూలు జనం కొనుక్కునే కార్లలోకి అది వచ్చేసరికి 1951 అయింది, క్రైస్లర్ కంపెనీ బండ్లతో. మన జిల్లాకీ దీనితో చుట్టరికం ఉంది. తిరువళ్ళూరులో హిందుస్తాన్ మోటార్స్ ఫ్యాక్టరీ నుంచి 1998లో బయటికి రావడం మొదలుపెట్టిన లాన్సర్ కార్లకూ ఈ ఆయిల్ స్టీరింగే.

ఇప్పుడు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇంజను తిరుగుతుంటే బెల్టు ఒక చిన్న పంపుని తిప్పుతుంది. ఆ పంపు డబ్బాలోంచి ఆయిల్ లాగి, గట్టి ఒత్తిడితో కింద స్టీరింగు రాక్‌లోకి తోస్తుంది. మీరు చక్రం ఎటు తిప్పితే అటు ఆ ఆయిల్ సాయం పడుతుంది. పని అయిపోయిన ఆయిల్ ఇంకో ట్యూబులోంచి తిరిగి డబ్బాలోకి వస్తుంది. అంతే. డబ్బా, పంపు, రాక్, మధ్యలో ట్యూబులు. మొత్తం ఆయిల్ సుమారు ఒక లీటరు.

ఆ ఒత్తిడి ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. చక్రం చివరిదాకా తిప్పి పట్టుకుంటే కార్లలో అది 70 బార్ దాటుతుంది. మీరు టైరుకి కొట్టించే గాలి 33 పౌండ్లు అనుకుంటే, ఇది దానికి ముప్పై రెట్లు. మన రోలింగ్ మిల్లుల్లో హైడ్రాలిక్ పవర్ ప్యాక్ దగ్గర పనిచేసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. అదే వస్తువు, చిన్న సైజులో బండిలో ఉంది. మా మెయింటెనెన్స్ సెక్షన్లో పవర్ ప్యాక్ మూలిగిందంటే ఎవ్వరూ ముందు పంపు విప్పరు. ముందు ట్యాంకులో ఆయిల్ లెవెల్, తర్వాత లాగే వైపు ఫిల్టరు, తర్వాత లాగే వైపు జాయింట్లు. ఇదీ వరస. బండికీ అదే వరస.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. పంపుకి రెండు వైపులు. ఒకటి లాగే వైపు, ఇంకొకటి తోసే వైపు. తోసే వైపు ట్యూబుకి చిల్లు పడితే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. కింద మడుగు కడుతుంది, కళ్ళకు కనబడుతుంది. లాగే వైపు ట్యూబుకి చిన్న చీలిక వస్తే ఆయిల్ బయటికి రాదు. గాలి లోపలికి పోతుంది. కింద చుక్క ఉండదు. "ఎక్కడా లీకు లేదు" అంటాడు చూసినవాడు. నిజమే, బయటికి లీకు లేదు. లోపలికి ఉంది.

కొబ్బరి బోండాంలో స్ట్రా వేసి తాగుతారు కదా. ఆ స్ట్రాకి పైన సన్నగా చీలిక ఉంటే నీళ్ళు కారవు. నోట్లోకి నీళ్ళకన్నా గాలే ఎక్కువొస్తుంది, గురగుర శబ్దంతో. కయ్యకి నీళ్ళు పెట్టే మోటారు సంగతీ అంతే. లాగే పైపు జాయింటు వదులైతే నీళ్ళు దగ్గుతూ, తెల్లగా పడతాయి. "మోటారు గాలి తాగుతోంది" అని మన పెద్దవాళ్ళు వెంటనే పట్టేస్తారు. ఆ జాయింటు చుట్టూ బంకమట్టో పేడో మెత్తుతారే గానీ, మోటారు మార్చాలని సంతకు పరిగెత్తరు. అదే తెలివి బండి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం.

గాలి దూరితే శబ్దం ఎందుకు? ఆయిల్ నలగదు. ఎంత నొక్కినా దాదాపు అంతే చోటు తీసుకుంటుంది. గాలి నలుగుతుంది. లాగే వైపు గోలీకాయంత ఉన్న గాలి, తోసే వైపు ఆ ఒత్తిడికి ఆవగింజంత అయిపోతుంది. బుడగలు ఒకదాని వెంట ఒకటి అలా చితికిపోతుంటే వచ్చే చప్పుడే మనం వినే మూలుగు. ఇంకో నష్టం, నురగకి జారుడు గుణం తక్కువ. పంపులో ఉండే సన్నని రెక్కలు ఆయిల్ పొర మీద జారుతూ తిరగాలి. నురగ మీద తిరిగితే ఇనుము ఇనుమును రాసుకుంటుంది. అందుకే ఈ మూలుగుని నెలలకొద్దీ వింటూ తోలేస్తే, మొదట్లో మంచిగా ఉన్న పంపు చివరికి నిజంగానే పోతుంది. తొందరపడి పంపు మార్చకూడదు అన్నానని, వచ్చే పండగదాకా ఆగమని కాదు.

శబ్దాన్ని బట్టి సగం రోగం తెలుస్తుంది. బండి నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా మెల్లగా యాక్సిలేటర్ నొక్కండి. మూలుగు ఇంజనుతో పాటు పెరుగుతూ, చక్రం తిప్పినప్పుడు ఇంకా ఎక్కువైతే అది పంపు వైపు సంగతి. బండి పరిగెత్తేటప్పుడు మాత్రమే వచ్చి, నిలబెడితే పోయే హోరు వీల్ బేరింగ్‌ది కావచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గానీ, చక్రం గట్టిగా తిప్పినప్పుడు గానీ 'కీచ్' మని సన్నగా అరిస్తే అది బెల్టు. వదులైంది, లేదా అరిగి నున్నబడింది. గుంతలో పడ్డప్పుడు, తిప్పినప్పుడు 'టక్ టక్' మంటే బాల్ జాయింటో టై రాడ్డో. దాన్ని మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. ఇక చక్రం ఆ చివరికి పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు వచ్చే 'సుయ్య్' శబ్దం రోగం కాదు. ఒత్తిడి మరీ పెరగకుండా వదిలే వాల్వు తన పని చేస్తోంది. అయితే అలా చివర అయిదు సెకన్లకు మించి పట్టుకోకండి. ఆయిల్ కాగిపోతుంది.

మన కాలనీలోనే జరిగిన సంగతి ఒకటి చెప్తాను. రెండో షిఫ్టుకి మనుషుల్ని తోలే కుర్రాడొకడు ఉన్నాడు. పేరు రాస్తే టీ కొట్టు దగ్గర నన్ను నిలవనివ్వడు. అతని పాత డీజిల్ బండి రెండు నెలలుగా మూలుగుతోంది. రాత్రి పదిన్నరకి షిఫ్టు దిగినవాళ్ళను ఎక్కించుకుని హైవే మీద యూ-టర్న్ తిప్పే చోట స్టీరింగు ఒక్కోసారి పట్టి పట్టి వదులుతోందట. ఒక షాపులో పంపు పోయిందన్నారు. పుదుప్పేటలో పాత పంపు దొరుకుతుందేమోనని బయల్దేరుతూ నా దగ్గరికి వచ్చాడు.

"చీటీ ఎత్తేస్తా ఉండా మామా. పాప కాలేజీకని కడతా ఉన్నిందే. ఏం చేసేది, బండి లేకుంటే ఆ ఫీజు కూడా లేదు గదా."

"కింద ఆయిల్ పడతా ఉందా రా?"

"ఒక్క చుక్క లేదు మామా. నేనే చూసినా."

అప్పుడు వాకిట్లోంచి అతని భార్య అంది. "లేకేం! పొద్దున ముగ్గేసే చోట రోజూ ఒక ఎర్ర చుక్క ఉంటాది. కడిగితే పోదు. ఆ బండి నిలబెట్టే తావులోనే, ముందు చక్రానికి కాస్త లోపలగా."

ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. ఎందుకో చెప్తాను. ఇంజను నడిచేటప్పుడు లాగే ట్యూబు లోపలికి లాగుతుంది కాబట్టి చీలికలోంచి గాలి లోపలికి పోతుంది, ఆయిల్ బయటికి రాదు. ఇంజను ఆపాక లాగేవాడు లేడు. డబ్బా పైన ఉంది, ట్యూబు కింద ఉంది. ఆయిల్ తన బరువుకి తాను దిగి, అదే చీలికలోంచి రాత్రంతా చెమ్మగా ఊరుతుంది. తెల్లారేసరికి ఒక చుక్క. తోలేవాడు నడిచే బండి కింద చూశాడు. ఆమె నిలబడ్డ బండి కింద చూసింది. ఇద్దరూ చూసింది నిజమే. రోగం దొరికింది మాత్రం ఆమె చూపులో.

బ్యాటరీ లైటు వేసి చూస్తే డబ్బా కింది నుంచి పంపుకి వెళ్ళే రబ్బరు ట్యూబు, సరిగ్గా క్లిప్పు పట్టే చోట వంచితే సన్నటి పగుళ్ళు. క్లిప్పు తుప్పు పట్టి వదులైంది. ఇంజను వేడికి రబ్బరు గట్టిపడుతుంది. మన పులికాట్ వైపు ఉప్పు గాలికి క్లిప్పు తుప్పు పడుతుంది. రెండూ కలిస్తే ఇదే ఫలితం. ఆయిల్‌కి తట్టుకునే కొత్త ట్యూబు ముక్క, రెండు కొత్త క్లిప్పులు, ఒక లీటరు ఆయిల్. వేలల్లో పోవాల్సింది వందల్లో తేలింది. చీటీ డబ్బు చీటీలోనే ఉంది.

కాబట్టి మొదటి సూత్రం ఇది: గాలి బయటికి పంపేముందు, అది దూరే దారి మూయాలి. దారి మూయకుండా గాలి తీస్తే రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు మళ్ళీ మూలుగు.

గాలి ఎక్కడెక్కడ దూరుతుందో వరసగా చూడండి. అన్నిటికన్నా ముందు, డబ్బాలో ఆయిల్ లెవెల్ కింది గీత కన్నా దిగిపోతే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ లాగుతుంది. దిగిందంటే ఎక్కడికో పోతోందన్నమాట, ఆ సంగతి కూడా చూడాలి. తర్వాత, పైన చెప్పిన లాగే ట్యూబు, దాని రెండు చివర్ల క్లిప్పులు. ఆ తర్వాత, ట్యూబు పంపులోకి దూరే చోట కొన్ని బండ్లలో చిన్న ఓ-రింగు ఉంటుంది. అది ఎండి పగిలితే కంటికి కనబడకుండా గాలి లాగుతుంది. చివరగా పంపు ఇరుసు దగ్గర సీలు. ఇంకోటి గాలి కాదు గానీ అలాగే మూలుగుతుంది: కొన్ని డబ్బాల అడుగున సన్నటి జల్లెడ ఉంటుంది. అది మడ్డితో పూడుకుపోతే పంపుకి కావలసినంత ఆయిల్ అందక అలాగే ఏడుస్తుంది. డబ్బా విప్పి కడిగితే సరిపోతుంది.

అనుమానం ఉన్న జాయింటు పట్టడానికి ఒక చిన్న ఉపాయం. ఇంజను మెల్లగా నడుస్తుండగా, డబ్బాలో పోసే ఆయిలే రెండు చుక్కలు ఆ జాయింటు మీద వేయండి. ఒక్క క్షణం మూలుగు తగ్గితే దొంగ అక్కడే ఉన్నాడు. గ్యాస్ సిలిండరుకి వాడినట్టు సబ్బు నీళ్ళు మాత్రం వేయకండి. అది లాగే చోటు. సబ్బు లోపలికి పోతుంది. ఈ పని చేసేవాళ్ళు భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టండి, లుంగీ మార్చి ప్యాంటు వేసుకోండి. పక్కనే బెల్టు తిరుగుతుంటుంది. అది బట్టను పట్టుకుంటే చేతిని కూడా లాగుతుంది.

దారి మూశాక గాలి తీసే పని. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు స్టీరింగు దగ్గర, ఒకరు డబ్బా దగ్గర. భార్యాభర్తలు చేయొచ్చు, తండ్రీ కూతుళ్ళు చేయొచ్చు. కావలసింది బలం కాదు, ఓపిక.

ముందు ఆయిల్. ఏ ఆయిల్ అనేది డబ్బా మూత మీదో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. చాలా పాత బండ్లకు డెక్స్‌రాన్ రకం ఏ.టి.ఎఫ్. ఆయిల్, ఎర్రగా ఉంటుంది. అయినా మీ బండికి ఏది రాసి ఉంటే అదే పోయండి. బ్రేక్ ఆయిల్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి. అది లోపలి రబ్బరు సీళ్ళను పాడుచేస్తుంది. అప్పుడు పంపూ రాకూ రెండూ పోతాయి. పాత ఆయిల్ నల్లబడి, మాడు వాసన వస్తుంటే అది మొత్తం తీసి కొత్తది పోయాలి. ఉత్త నురగే అయితే ఒక రాత్రి కదపకుండా వదిలేయండి. బుడగలు చాలావరకు వాటంతట అవే పైకి వచ్చేస్తాయి.

బండిని చదునైన నేల మీద నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టండి. ముందు రెండు చక్రాలూ నేల వదిలేలా ఎత్తి, గట్టి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మకండి. ఇటుకలు, రాళ్ళు పెట్టకండి. స్టాండ్లు లేకపోతే ఈ పని షాపులో చేయించండి, మీరు పక్కన నిలబడి ఎలా చేస్తున్నారో చూడండి. ఎవరూ బండి కిందికి దూరాల్సిన అవసరం లేదు.

డబ్బాలో చల్లటి ఆయిల్ గీతదాకా ఆయిల్ పోయండి. మూత తెరిచే ఉంచండి. తాళం చెవి తిప్పి స్టీరింగు లాకు వదిలించండి, ఇంజను మాత్రం స్టార్ట్ చేయకండి. ఇప్పుడు చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. ఒక ఇరవై సార్లు. డబ్బా దగ్గర ఉన్నవాళ్ళకు బుడగలు వచ్చి పగలడం కనబడుతుంది, ఆయిల్ దిగడం కనబడుతుంది. దిగినకొద్దీ పోస్తూ ఉండండి. ఒక్కసారి డబ్బా ఖాళీ అయిందంటే మళ్ళీ గాలి లాగినట్టే, లెక్క మొదటికి వస్తుంది.

ఇంజను ఎందుకు వేయకూడదో చాలామందికి తెలియదు. ఇంజను వేస్తే పంపు నిమిషానికి వందల చుట్లు తిరిగి, లోపలున్న గాలినీ ఆయిల్‌నీ మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. పెద్ద బుడగలైతే పైకి తేలి పోతాయి. చిలికిన సన్న నురగ పోవడానికి గంటలు పడుతుంది. చేత్తో మెల్లగా తిప్పితే బుడగ బుడగగానే బయటికి వస్తుంది. తొందరపడి మొదటే స్టార్ట్ చేసేవాళ్ళే "ఎంత తీసినా గాలి పోలేదు" అంటారు.

బుడగలు రావడం తగ్గాక పది నిమిషాలు ఆగండి. ఇంజను స్టార్ట్ చేసి, రెండు మూడు సెకన్లలో ఆపేయండి. ఆయిల్ దిగితే పోయండి. మళ్ళీ స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ ముట్టకుండా, చక్రం మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి పది సార్లు తిప్పండి. చివర్లలో పట్టి ఉంచకండి, తాకీ తాకకుండానే వెనక్కి తిప్పండి. ఇంజను ఆపి, బండి కిందికి దించి, నేల మీద ఇంకోసారి అలాగే తిప్పండి.

గాలి పూర్తిగా పోయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇంజను మెల్లగా నడుస్తుండగా, చక్రాలు నేరుగా పెట్టి, డబ్బాలో ఆయిల్ ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత పెట్టండి. ఇంజను ఆపేసి మళ్ళీ చూడండి. ఆయిల్ పైకి పొంగితే లోపల నలిగి ఉన్న గాలి మళ్ళీ ఉబ్బిందన్నమాట. అయిదు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరులో సగం మించి పొంగితే గాలి ఇంకా ఉంది. ఆ రాత్రికి వదిలేసి పొద్దున మళ్ళీ చేయండి. పొంగకపోతే, నురగ లేకపోతే, మూలుగు లేకపోతే పని అయిపోయింది. వారం రోజులు మాత్రం రోజూ పొద్దున మూత తీసి ఒకసారి చూడండి.

ఇదంతా చేశాక కూడా మూలుగు పోకపోతే? లెవెల్ నిలబడుతోంది, నురగ లేదు, జల్లెడ శుభ్రంగా ఉంది, బెల్టు బాగుంది, అయినా పంపు ఏడుస్తోందంటే అప్పుడు ఆ పంపు నిజంగానే అరిగింది. అప్పుడు మార్చండి. ఇప్పుడు షాపులో మీరు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. "పంపు పోయిందా?" అని కాదు, "లాగే ట్యూబు, ఓ-రింగు చూశాం, గాలి లేదు, అయినా మోత ఉంది" అని. అలా చెప్పేవాడికి అనవసరమైన బిల్లు వేయడానికి ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. పంపు మార్చినా పాత లాగే ట్యూబునే మళ్ళీ తగిలించనివ్వకండి. కొత్త పంపుకి పాత చీలిక అంటగడితే అదీ మూలుగుతుంది.

జాగ్రత్తలు రెండు మిగిలాయి. తోసే వైపు ట్యూబులో ఆయిల్ చిమ్ముతోందేమోనని ఇంజను నడుస్తుండగా వేలుతో తడిమి చూడకండి. ఆ ఒత్తిడికి సూది మొనంత చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటే కనబడినా, వెంటనే ఆస్పత్రికి పోకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. ఇంజను ఆపి చూడండి, లేదా అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. రెండోది, తీసిన పాత ఆయిల్ కాలవలో పారబోయకండి. మన కాలవలన్నీ చివరికి పోయేది పులికాట్ వైపే. ఆ సరస్సు మీద బతికే చేపలవాళ్ళు మన చుట్టాలే. డబ్బాలో పోసి మూత పెట్టి, పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇవ్వండి.

ఇక బండిలో ఎక్కేవాళ్ళకు ఒక మాట. గాలి పట్టిన స్టీరింగు ఒక్కసారిగా ఊడి చేతికి రాదు. చక్రానికీ టైర్లకూ మధ్య ఇనుప బంధం ఎప్పుడూ ఉంటుంది. పోయేది ఆయిల్ సాయం. అది పోతే చక్రం రాయిలా బరువెక్కుతుంది. పగలు, మెల్లగా పోయేటప్పుడు ఆ బరువు ఓర్చుకోవచ్చు. రాత్రి పదకొండుకి ఎళావూరు దాటి, ఎదురుగా లారీల లైట్లు కళ్ళల్లో పడుతుండగా, పదిమంది కునుకు తీస్తున్న బండిని తిప్పేటప్పుడు ఒక్క క్షణం బరువెక్కితే చాలు. అందుకని రోజూ ఎక్కే బండి మూలుగుతుంటే మొహమాటపడకండి. "అన్నా, మూత తీసి చూసినావా?" అని అడగండి. ముగ్గు మీద ఎర్ర చుక్క కనబడితే కడిగేసి ఊరుకోకుండా తోలేవాడిని పిలిచి చూపించండి.

వచ్చే నెల వానాకాలంలో హెడ్‌లైట్లలో నీళ్ళు చేరి గుడ్డిగా వెలగడం గురించి. ఈలోగా మీ బండి కొత్త రాగం ఏదైనా తీస్తే, ఎప్పుడు తీస్తోంది, నిలబడ్డప్పుడా పరిగెత్తేటప్పుడా, తిప్పినప్పుడా నేరుగా పోయినప్పుడా, ఇవి గమనించి రాయండి. అంతమాత్రం రాస్తే జవాబు చెప్పడం నాకు తేలిక.